ఆదయ్య గురూజీ బడి చప్పుడు

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ నుంచి ప్రాణహిత ఒడ్డు వెంట పోయే మట్టిరోడ్డు మీద నడిచేవాళ్లకు ఆ ఊరి బడి కనపడకముందే వినపడేది. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలంతా ఒక్క గొంతుతో మరాఠీ పాఠం చదువుతుండేవాళ్లు. ఒక గొంతు ముందుకు పోదు, ఇంకోటి వెనక పడదు. నాట్లు వేసే ఆడవాళ్లు ఆ చప్పుడు విని, ఆదయ్య గురూజీ వచ్చిండు అనుకుని పనిలో పడేవాళ్లు.

ఆదయ్య ఆ జిల్లా పరిషత్ బడికి పెద్ద గురూజీ. సొంతూరు సిరొంచే. ఆయన ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, కొలువులో మరాఠీ. పిల్లలదీ అదే పరిస్థితి. కాకపోతే బడి గడప దాటేదాకా వాళ్లకు మరాఠీ ముక్క తెలియదు. అయినా ఆయన చేతిలో పెడితే ఎంత మొద్దు పిల్లైనా దీపావళి లోపల గడగడా చదువుతుందని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆ పేరు ఉత్తదేం కాదు. గోడకు మరాఠీ గుణింతాల బారాఖడి పటం తగిలించి, వెదురు పుల్లతో ఒక్కో అక్షరాన్నీ తాకుతూ, తను ఒకసారి, పిల్లలు రెండుసార్లు అనేవాళ్లు. పుల్ల పటం మీద తప్ప పిల్లల వీపు మీద పడింది చాలా తక్కువ. విసుగు ఆయన ఒంట్లో లేదు.

ఆయన నేర్చుకున్నదీ అలాగే. చిన్నప్పుడు వార్ధా వైపు నుంచి వచ్చిన గురూజీకి తెలుగు రాదు, ఆదయ్యకు మరాఠీ రాదు. చదవమన్నది చదివాడు. ఏడో తరగతిలోనో ఎప్పుడో, చదువుతున్నదాంట్లో ఏదో సంగతి ఉందని మెల్లగా తెలియడం మొదలైంది. ఎలా తెలిసిందో ఆయనకే తెలియదు. పాలపళ్లు ఊడితే గట్టిపళ్లు వచ్చినట్టు, అక్షరాలు వస్తే అర్థం తనంతట తనే వస్తుందని ఆయన నమ్మకం. నాలుగో తరగతితో బడి మానేసినవాళ్లకు ఆ గట్టిపళ్లు వచ్చాయో లేదో ఎన్నడూ అనుకోలేదు.

రెండువేల నాలుగో సంవత్సరం వానాకాలం బడులు తెరిచినప్పుడు ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఒకరు నుస్రత్. సిరొంచలో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి, కొత్తగా కొలువులో చేరింది. ఒకటి, రెండు తరగతులు ఆమెకు ఇచ్చారు. రెండోది నవత అనే పిల్ల. వాళ్ల నాన్న కొండన్న ఏటి అవతలి ఒడ్డు నుంచి పడవలో సామాను వేసుకుని వచ్చి, ఇక్కడ మిరప చేను కౌలుకు పట్టాడు. అవతల నవత మూడో తరగతి దాకా తెలుగులో చదివింది. ఇక్కడ నాలుగో తరగతిలో మరాఠీ అక్షరాలు మొదటి నుంచి మొదలుపెట్టింది.

అక్షరాలు తొందరగానే పట్టుకుంది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. అందరూ చదువుతుంటే ఆ పిల్ల మధ్యలో ఆగేది.

"గురూజీ, గీ మాటేంది?"

ఆదయ్య చెప్పేవాడు. ఇంకో రెండు మాటలు చదివి మళ్లీ ఆగేది. "మరి గిదేంది, గురూజీ?"

"ముందుగాల చదువమ్మా. అర్థం తర్వాత వస్తది."

"ఎప్పుడొస్తది?"

ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు. ఆదయ్యకు మాత్రం చిరాకు వేసింది. ఒక్క పిల్ల ఆగితే పాట తప్పినట్టు క్లాసంతా తప్పేది. ఆ పిల్లను వెనక వరసలో కూర్చోబెట్టి, నువ్వు మెల్లగ లోపల్లోపల చదువుకో అన్నాడు.

వానలు కాస్త తగ్గాక కేంద్ర ప్రముఖ్ తనిఖీకి వచ్చాడు. పది పన్నెండు బడులను చూసుకునే అధికారి, ఆష్టి వైపు మనిషి. మరాఠీ తప్ప ఇంకో భాష రాదు. గొర్రెల కాపరి పాఠం చదివించమన్నాడు. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం ఒకాయన కొండలన్నీ తిరిగి, చివరికి అది తన గొంగడిలోనే నిద్రపోతోందని తెలుసుకుంటాడు, అదీ పాఠం. పిల్లలు ఎక్కడా తడబడకుండా చదివారు. ఆయన సంతోషంగా తల ఊపి, ఊరికే అడిగినట్టు మరాఠీలో ఒక ప్రశ్న వేశాడు. చివరికి గొర్రెపిల్ల ఎక్కడ దొరికింది?

ముందు వరసలో ఉన్న శ్రావణి, క్లాసులో అందరికన్నా బాగా చదివే పిల్ల, లేచి నిలబడి పాఠం మొదటి నుంచి ఒప్పజెప్పడం మొదలుపెట్టింది. కేంద్ర ప్రముఖ్ చెయ్యి ఊపి ఆపి, ప్రశ్న మళ్లీ వేశాడు. అప్పుడు వెనక నుంచి నవత తెలుగులో అంది.

"గొర్రెపిల్ల ఏడికీ వోలే సార్. ఆయన గొంగట్లనే పండుకున్నది. ఆయనే సూసుకోలే."

ఏమంటోంది ఆ అమ్మాయి అని కేంద్ర ప్రముఖ్ ఆదయ్యను అడిగాడు.

"కొత్తగా వచ్చిన పిల్ల సార్, ఇంకా మరాఠీ రాదు" అన్నాడు ఆదయ్య.

అది అబద్ధం కాదు. కేంద్ర ప్రముఖ్ సరేనని, వాచనం ఉత్తమం అని రాసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. పక్క గది గుమ్మంలో నిలబడిన నుస్రత్ ఇదంతా విన్నది. బడి విడిచాక తాళం వేస్తున్న ఆదయ్యను ఒకే మాట అడిగింది.

"ఆ పిల్ల సరిగ్గనే చెప్పింది గదా, గురూజీ?"

"చెప్పింది" అన్నాడాయన. ఆమె ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు చూశాడు. ఆమె చెప్పులు వేసుకుని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.

మర్నాడు పొద్దున ఆదయ్య వెదురు పుల్ల పట్టుకోలేదు. శ్రావణిని పిలిచి, గొర్రెల పాఠంలో ఏముందో చెప్పమన్నాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని మొదటి వాక్యం అందుకుంది.

"అట్ల కాదు. ఏమైందో చెప్పు."

శ్రావణి తికమకపడి, గురూజీకి సరిగా వినపడలేదనుకుని, అదే వాక్యం ఇంకాస్త గట్టిగా చదివింది.

"మెంఢీ అంటే ఏంది బిడ్డా?"

"పాఠంల ఉన్న మాట, గురూజీ."

మెంఢీ అంటే గొర్రె. వాళ్లింటి వెనక దొడ్డి నిండా గొర్రెలే. ఆదయ్యకు ఆ సంగతి తెలుసు. కూర్చోమన్నాడు. ఒక్కొక్కరినీ అడిగాడు. పుల్లతో పటం మీద అక్షరం చూపిస్తే తప్పకుండా చెప్పే పిల్లలు, ఇప్పుడు గురూజీ ఏం అడుగుతున్నాడో అర్థంకాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ ఆదివారం ఆయన సిరొంచ బస్టాండులో సాంబన్న పాన్‌డబ్బా దగ్గర ఆగాడు. సాంబన్న ఒకప్పటి శిష్యుడు. వాడి గొంతు విని అప్పట్లో పై అధికారులు కూడా మెచ్చుకున్నారు. డబ్బా మీద మరాఠీ పేపరు ఉంది. సాంబన్న దాన్ని ముక్కలుగా చింపి పాన్‌లు కడుతున్నాడు.

"పేపర్ చదువుతవా సాంబన్నా?"

"లే గురూజీ. నాకెందుకు? బస్సు బోర్డులు చదువుత. ఇగ టీవీల అన్నీ చెప్తరు గదా."

"నువ్వు మంచిగ చదివేటోనివి."

"ఇప్పటికీ వస్తది." సాంబన్న సున్నం అంటిన చెయ్యి గుడ్డకు తుడుచుకుని, బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూసేలా నెహ్రూ మీద ఉన్న పాత పాఠం ఒకటి అందుకున్నాడు. నెహ్రూ చొక్కా గుండీల దగ్గర గానీ, గులాబీల దగ్గర గానీ ఎక్కడా తడబడలేదు. చివరి దాకా చెప్పి నవ్వాడు. "సూసిండ్రా? మరువలే. అయితే గురూజీ, దాని మతలబేందో మీరు ఎన్నడు చెప్పలే. నేను అడుగనూ లే."

ఆదయ్య పాన్ నోట్లో పెట్టుకున్నాడు. సాంబన్నకు దాని అర్థం చెబుదామనుకున్నాడు. అప్పటికే ఇంకో గిరాకీ వచ్చి నిలబడింది.

కొన్నాళ్లు ఆయనకు ఏం చెయ్యాలో తోచలేదు. పిల్లలకు మాట మాటకూ అర్థం రాయించి చూశాడు. వాళ్లు ఆ అర్థాలనూ అదే రాగంలో కంఠస్థం పట్టారు. నుస్రత్ ఒకరోజు ఆఫీసు గదిలో ఉన్న రేకుపెట్టె తాళంచెవి అడిగింది. సర్కారు ఎప్పుడో పంపిన బొమ్మల కథల పుస్తకాలు అందులో ఉన్నాయి. చినిగితే జవాబు చెప్పుకోవాలని ఆదయ్య తాళం వేసే ఉంచాడు. ఏడాదికోసారి తీసి, చెదలు పట్టలేదని చూసి, మళ్లీ మూసేవాడు.

"అండ్ల ఏమేం కథలున్నయి గురూజీ?" అంది నుస్రత్.

ఆయనకు తెలియదు. ఒక్కటీ చదవలేదు. నిజానికి పాఠ్యపుస్తకాలు, కొలువుకు కావలసినవి తప్ప ఆయన తన జన్మలో ఒక పుస్తకం కావాలని తెరిచింది లేదు. ఆ మాట నుస్రత్‌తో అనలేదు. తాళంచెవి ఇచ్చి, ఆమె తీసిన పుస్తకాల్లోంచి ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి పోయాడు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని తెరిచాడు. ఒక ఎలుగుబంటి దర్జీ దుకాణం పెట్టుకున్న కథ అది. ఎవరి కొలత తీసుకున్నా తన ఒంటికి సరిపోయేటట్టే కుడుతుంది. కుందేలు లాగులో కుందేలు కుటుంబమంతా దూరినా ఇంకా చోటు మిగులుతుంది. ఆదయ్య మొదట అలవాటుగా పైకి చదివాడు. రెండో పేజీకి గొంతు తగ్గింది. తర్వాత పెదాలు కూడా కదల్లేదు. ఉన్నట్టుండి నవ్వాడు.

బియ్యం చెరుగుతున్న భార్య కనకవ్వ చేట ఆపింది. "ఒక్కనివే నవ్వుతున్నవేంది?"

"గుడ్డెలుగు బట్టలు కుడుతున్నది" అన్నాడు. ఆమె ముఖం చూసి కథ మొదటి నుంచి చెప్పాడు. నక్క వచ్చి కోటు కుట్టమన్న దగ్గర ఆగి పేజీ తిప్పుతుంటే, ఆమె చేట పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

"మరి అంత పెద్ద పెద్ద బట్టలు ఏం చేసుకున్నయ్ అవి?"

"ఉండు, చూడనీయ్." చదివి చెప్పాడు. గాలివాన వస్తుంది. గూళ్లూ బొరియలూ కొట్టుకుపోతాయి. అడవంతా ఆ అంగీలను చెట్లకు కట్టుకుని వాటి కింద తల దాచుకుంటుంది. కనకవ్వ ఎలుగుబంటిని మెచ్చుకుంది. "మీ పిల్లలకు చెప్పినవా ఇది?" అంది.

"మరాఠీల ఉన్నది. వాళ్లకేం తెలుస్తది?"

"నాకేమన్న మరాఠీ వస్తదా? నాకు చెప్పలేదా?"

ఆమె బియ్యం ఎత్తుకుని లోపలికి పోయింది.

సోమవారం ఆయన పిల్లలను వరసల్లోంచి లేపి చుట్టూ కూర్చోబెట్టుకుని, ఎలుగుబంటి కథ తెలుగులో చెప్పాడు. బొమ్మలు చూపించాడు. తర్వాత అదే కథ పుస్తకంలోని మరాఠీలో మెల్లగా చదివాడు. రెండో పేజీలో శ్రావణి చెయ్యెత్తి, ఆ మాట కుందేలా అని అడిగింది. అవునన్నాడు. అప్పటి నుంచి ఒక్కో మాట దగ్గర ఎవరో ఒకరు ఇది లాగు, ఇది సూది, ఇది వాన అని అరవడం మొదలుపెట్టారు. నవత తన పక్కకు ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆయన గమనించలేదు. మధ్యాహ్నం ఖిచిడీ గంట కొట్టినా నలుగురైదుగురు పుస్తకం చుట్టూ తలలు పెట్టుకుని అక్కడే ఉన్నారు. వాళ్లు చదువుతున్నది నత్తనడకగా ఉంది. ఒకప్పుడైతే ఆయన ఆ చదువును చదువు అనేవాడు కాదు.

పెట్టెకు తాళం వెయ్యడం ఆగిపోయింది. పుస్తకాలు ఇళ్లకు పోవడం మొదలైంది. కొన్ని పసుపు మరకలతో వచ్చాయి. ఒకటి మేక నమిలి వచ్చింది. నుస్రత్ మైదా గంజి కాచి, పాత క్యాలెండర్ కాగితాలతో అట్టలు అతికించేది. ఆదయ్య పక్కన కూర్చుని పట్టుకునేవాడు. ఆ పని చేస్తూ ఆయన మిగిలిన పుస్తకాలన్నీ చదివాడు. అయిపోయాక నుస్రత్ వాళ్ల ఇంటి నుంచి తెచ్చినవి చదివాడు. కొన్ని నచ్చాయి, కొన్నిటిని సగంలో వదిలేశాడు. అలా వదిలెయ్యొచ్చని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ఊరికి మాత్రం ఇదంతా ఇంకోలా కనిపించింది. రోడ్డు మీదికి పాఠం వినపడటం లేదు. వినపడితే నవ్వులు, అరుపులు, తెలుగు మాటలు. బడి బాగోగులు చూసే గ్రామ శిక్షణ సమితి అధ్యక్షుడు గోపాల్‌రావు ఒకరోజు బండి దిగి బడిలోకి వచ్చాడు. పెద్ద రైతు, మర్యాదస్తుడు. ఆదయ్య అంటే గౌరవమే.

"ఏం గురూజీ, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది, రావుసాబ్."

"మరి బడి గిట్లెందుకైంది? తెలుగు ఇంట్ల మేమే చెప్పుకుంటం గదా. రేపు పోరగాండ్లు గడ్చిరోలి వోతే, కచేరిల నౌకరి అడిగితే, మరాఠీ లేక ఎట్ల? మీరు జర ఆలోచన చెయ్యాలె."

గోపాల్‌రావు అన్నదాంట్లో తప్పేమీ లేదు. "మరాఠీ కోసమే చేస్తున్న, రావుసాబ్" అని మాత్రం అన్నాడు ఆదయ్య. గోపాల్‌రావు ఇంకాసేపు నిలబడి, ఎలుగుబంటి పుస్తకం తిరగేసి, బొమ్మలు మంచిగున్నయి అని వెళ్లిపోయాడు. ఆ ఏడాది ఇద్దరు పెద్దమనుషులు తమ పిల్లలను సిరొంచ బడికి మార్పించుకున్నారు.

తర్వాతి తనిఖీలో కేంద్ర ప్రముఖ్ వాచన వేగం తగ్గిందని రాశాడు. అది కూడా నిజమే. ఈసారి ఆయన ప్రశ్న వేస్తే పిల్లలు వచ్చీరాని మరాఠీలో, మధ్యమధ్య తెలుగు కలిపి జవాబు చెప్పారు. అది ఆయనకు నచ్చలేదు. ఆదయ్య ఈసారి వాళ్ల తెలుగునంతా ఆయనకు మరాఠీలో ఓపికగా చెప్పాడు. ఆయన గడియారం చూసుకుంటూ విన్నాడు.

నవత నాలుగో తరగతి పూర్తి చేసింది. మిరపకు తెగులు తగిలి కొండన్న కౌలు వదిలేసుకోవడంతో, ఎండాకాలంలో వాళ్లు మళ్లీ పడవ ఎక్కి ఏరు దాటిపోయారు. పోయేముందు ఆ పిల్ల బడికి వచ్చిందట. సెలవులు కావడంతో తాళం వేసి ఉంది. ఆ సంగతి ఆదయ్యకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో తెలియలేదు.

రెండువేల ఆరులో బదిలీల జాబితాలో ఆదయ్య పేరు వచ్చింది. పై అధికారులు కోపంతో చేశారని కొందరన్నారు. అందరికీ వచ్చే బదిలీయే అని ఇంకొందరన్నారు. ఆయన ఏ మాటా పట్టించుకోలేదు. ఆయన్ని వేసింది బామ్ని దాటి అడవిలోకి పోయే దారిలో, జీపు వెళ్లినంత దూరం వెళ్లి, అక్కడి నుంచి సైకిలు మీద పోవలసిన ఊరు. నుస్రత్ నాలుగు పుస్తకాలు సంచిలో పెట్టి ఇచ్చింది. పాత బడిలో పెట్టె సంగతి ఆమె చూసుకుంటానంది. రెండేళ్లు చూసుకుంది కూడా. తర్వాత పెళ్లై అహేరి వైపు వెళ్లింది.

కొత్త బడిలో ఆయన మొదటి రోజు అలవాటైన పనే చేశాడు. పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని తెలుగులో కథ మొదలుపెట్టాడు. వాళ్లు వింటున్నట్టే కూర్చున్నారు. ఒక్కరూ నవ్వలేదు. వాళ్ల భాష గోండి. మరాఠీ ఎంత పరాయిదో తెలుగూ అంతే. వార్ధా నుంచి వచ్చిన గురూజీ తన ముందు ఎలా నిలబడి ఉంటాడో ఆదయ్యకు ఆ రోజు తెలిసింది. అప్పటికి ఆదయ్యకు యాభై దాటాయి. ఇంటికి వచ్చి కనకవ్వతో, "ఇగ నాతోని కాదు" అన్నాడు.

అయినా మర్నాడు పోయాడు. పుస్తకం తెరిచి, కుండలో నీళ్లున్న బొమ్మ మీద వేలు పెట్టి, ఏమిటిది అన్నట్టు చూశాడు.

"ఏర్" అన్నారు పిల్లలు.

ఏరు ఎక్కడుందని ఆయన బొమ్మంతా వెతికాడు. కుండ తప్ప ఏమీ లేదు. పిల్లలు మళ్లీ ఏర్ అన్నారు. ఆయన కిటికీలోంచి వాగు వైపు చెయ్యి చూపించాడు. వాళ్లు కాదని తలలూపి, పడీపడీ నవ్వారు. ఖిచిడీ వండే రాజుబాయి సిరొంచ అంగడికి పోయివస్తూ తెలుగు నేర్చిన మనిషి. పొయ్యి దగ్గర నుంచి కేకేసింది.

"నీళ్లు గురూజీ, నీళ్లు. మా దాంట్ల ఏర్ అంటే నీళ్లు."

ఆదయ్య నల్లబల్ల దగ్గరికి పోయి ఏర్ అని నాగరి అక్షరాల్లో రాశాడు. తమ ఇంటి మాట బల్ల మీద చూడటం ఆ పిల్లలకు కొత్త. ఒక పిల్ల లేచి వచ్చి దాన్ని వేలితో ముట్టుకుని చూసింది.

రోజుకు కొన్ని మాటలు అడిగి రాసేవాడు. ఆయన పలికితే పిల్లలు సరిదిద్దేవాళ్లు. సరిగా రాక మళ్లీ మళ్లీ అనిపించేవాళ్లు. వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం ఎవరో తమ కుక్క పేరు రాయమన్నారు. కాల్యా అని రాశాడు. ఇక ప్రతి ఇంటి కుక్కా వచ్చింది. బల్ల నిండిపోయింది. పిల్లలు తమ కుక్క పేరునే కాక పక్కింటి కుక్క పేరునూ చదివారు. రెండు మూడు కుక్కలు పేరు విని నిజంగానే లోపలికి వచ్చి, తడి ఒళ్లు దులిపి కూర్చున్నాయి. ఆ ఏడు ఆ పిల్లలు ముందుగా చదివింది ఆ కుక్కల పేర్లే. కథల పుస్తకాలు చాలా తర్వాత వచ్చాయి, అవి కూడా అందరికీ రాలేదు. బడికి రాకుండా అడవిలో పశువుల వెంట పోయినవాళ్లు పోయారు. ఒకరిద్దరు మాత్రం ఆయన సైకిలు దిగకముందే సంచిలోకి తొంగి చూసేవాళ్లు.

రెండువేల తొమ్మిదిలో కనకవ్వకు మోకాళ్లు పట్టేసి ఇంటి పని కష్టమైంది. ఆదయ్య సిరొంచ దగ్గరి బడికి బదిలీ కోరుకున్నాడు. దొరికింది. ఆయన స్థానంలో ఆష్టి నుంచి ఒక కుర్ర టీచరు వచ్చాడు. బల్లలు, గిన్నెలు, పుస్తకాలు అప్పగించుకున్నాక, పిల్లలతో ఎలా మాట్లాడాలి, నాకు గోండి ఒక్క ముక్క రాదు అని ఆ అబ్బాయి మరాఠీలో అడిగాడు. ముఖంలో భయం దాచుకోలేకపోయాడు.

వాళ్లనే అడగమన్నాడు ఆదయ్య. నువ్వు తప్పు పలికితే నవ్వుతారు, కోపం తెచ్చుకోవద్దు అని కూడా చెప్పాడు. ఆ అబ్బాయి సరేనన్నాడు కానీ నమ్మినట్టు కనిపించలేదు. రాజుబాయి ఇద్దరికీ పళ్లేల్లో ఖిచిడీ పెట్టింది. తిన్నాక ఆదయ్య సైకిలు తీసుకుని, జీపు దొరికే చోటికి తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.